ఆదవాని పుస్తకములు

గుంతకల్లునుండి రాయచూరు పోవు రైలుబండిలో ప్రయాణము చేసినవారికి ఆదవాని కొండలు ఎరుకయే. గుండుమీద గుండు పేర్చినట్లుండు ఆ కొండలును, వానిమీది కోటగోడలును చాలసేపు కంటికి కనబడుచునే యుండును. ఆదవాని యనగానే మనకు ప్రత్తి జ్ఞాపకము వచ్చును. వేరుసెనగ నూనె జ్ఞాపకము వచ్చును. తమ ఊరు రెండవ బొంబాయి యని అక్కడి వర్తకులు చెప్పుకొను మాట జ్ఞాపకము వచ్చును. ఎమ్మిగనూరనగానే మగ్గము జ్ఞాపకము వచ్చును. పుస్తకము మాత్రము ఎవరికిని జ్ఞాపకము రాదు. అయినను దక్షిణాపథమునందలి మంచి పుస్తకసంచయములలో నొకటి ఒకప్పుడు ఆదవాని కోటలో నుండెను. అది ఎట్లు వచ్చినది, ఎట్లు పోయినది, పోయిన తరువాత ఆ సీమలో చదువు ఎట్లుండినది అను విషయమును శ్రోతలకు చెప్పవలెనని నా సంకల్పము.

పుస్తకపఠనమును గూర్చి అభిప్రాయములు చెప్పుట సులభము. రాత్రి చదువుట మేలా, తెల్లవారుజామున చదువుట మేలా? ఒక పుస్తకము పూర్తియైన పిదపనే రెండవదానిని ముట్టవలెనా, లేక నాలుగింటిని ఒక్కమారే తెరచి పెట్టుకొనవచ్చునా? జీతమునకు మించి పుస్తకములు కొను ప్రతివానికిని వీనిమీద దృఢమైన అభిప్రాయములుండును, నాకును కలవు. కాని వీనికన్న ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. పుస్తకము చదువరి చేతికి ఏ దారిన వచ్చును? ఏ దారిన పోవును? పరహస్తమునకు పోయిన పుస్తకము పోయినట్లేయని చెప్పు శ్లోకము నేర్వనివాడు మన దేశమున లేడు. ఎరువిచ్చిన పుస్తకముల కొరకు మిత్రుల యిండ్లచుట్టు తిరిగినవారు దానిని నవ్వుచు చదువుదురు. ఆదవాని కథలో ఆ శ్లోకము నవ్వులమాట కాదు.

1565లో తళ్లికోట యుద్ధము జరిగిన తరువాత కొద్ది యేండ్లకే ఆదవాని కోట విజయనగర ప్రభువుల చేతినుండి విజాపురము ఆదిల్‌షాహీల చేతికి పోయెను. విజాపుర సుల్తానులు యుద్ధములు చేసినంతగా పుస్తకములను కూడ కూర్చినవారు. వారిలో రెండవ ఇబ్రాహీము సంగీతప్రియుడు. దక్కనీ భాషలో ‘కితాబె నౌరస్’ అను పాటల గ్రంథమును తానే రచించెను. లేఖకులు, చిత్రకారులు, అట్టలు కట్టువారు అతని ఆస్థానమున జీతముమీద నుండిరి. అటువంటి రాజధానిలో మెలగిన సర్దారులకు పుస్తకముమీది మోజు అంటుకొనుటలో వింత లేదు.

సిద్ది మసూద్ ఖాన్ అట్టి సర్దారు. అతడు హబ్షీ, అనగా అబిసీనియా దేశపు సంతతివాడు. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించిన సిద్ది జౌహరు కితడు అల్లుడు. కర్నూలు, ఆదవాని ప్రాంతములు మామవలన ఇతని అధికారము క్రిందికి వచ్చెను. విజాపుర సింహాసనముమీద బాలుడైన సికందరు కూర్చుండియుండగా 1678 మొదలు 1683 వరకు మసూద్ ఖానే రాజ్యభారమును వహించెను. ఒకవైపు మొగలులు, ఒకవైపు మరాఠాలు, లోపల సర్దారుల కలహములు, బొక్కసమున ధనము లేదు. ఆ భారము మోయలేక అతడు 1683లో పదవిని విడిచిపెట్టి ఆదవానికి వచ్చివేసెను. అక్కడ అతనికి మనశ్శాంతి నిచ్చినవి రెండు: తాను కట్టించిన జుమ్మా మసీదు, తాను కూర్చిన పుస్తకములును చిత్రపటములును. మూడేండ్లు తిరుగకుండ, 1686లో విజాపురము ఔరంగజేబు వశమయ్యెను. మరుసటి యేట గోలకొండ. ఆ రెండు రాజధానులును పడిపోయిన తరువాత కూడ ఆదవాని కొండమీద ఈ వృద్ధుడు తన పుస్తకముల నడుమ స్వతంత్రుడై యుండెను.

ఆ స్థితి ఎంతకాలము సాగును? 1688లో ఫిరోజ్ జంగు పెద్ద సేనతో వచ్చి కోటను చుట్టుముట్టెను. హైదరాబాదు మొదటి నిజాము తండ్రియే ఈ ఫిరోజ్ జంగు. ఆదవాని కోటను ముట్టడించి పట్టుట ఎంత కష్టమో ఆ కొండలను చూచిన వారికి వేరుగా చెప్పనక్కరలేదు. స్థానికముగా చెప్పుకొను కథ యొకటి యున్నది. బళ్లారి జిల్లా గెజెటీరులో కూడ అది కెక్కినది. కోట లొంగకపోవుటచే మొగలు సేనాని తన ఫిరంగులను కోటమీదనుండి మరల్చి, క్రింద ఊరిలో నున్న జుమ్మా మసీదువైపు గురిపెట్టించెనట. కొండమీదినుండి అది చూచిన మసూద్ ఖాన్ మసీదుమీద గుండు పడకముందే కోట తలుపులు తెరపించెనట. కథలో ఎంత నిజమో ఎట్లున్నను, మసీదు నేటికిని నిలిచియున్నది. పుస్తకములు మాత్రము ఆదవానిలో లేవు. రాతి కట్టడమును ఎవరును మూటగట్టుకొని పోలేరు గదా.

ఆ పుస్తకములలోను, చిత్రములలోను కొంత భాగము చేరిన చోటు రాజపుత్రస్థానములోని ఎడారి నగరము బికనేరు. మొగలు సేనలో దక్కనుకు వచ్చిన రాజపుత్రులలో బికనేరు మహారాజు అనూప్ సింహుడొకడు. ఇతడు 1669లో గద్దె నెక్కెను. గోలకొండ ముట్టడిలో నుండెను. ఆదవానికి మొగలులు ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చిన తరువాత అక్కడ అధికారియై యుండెను. 1698లో ఆదవానిలోనే మరణించెను. జీవితములో ముఖ్యభాగమును ఇతడు తన ఊరికి దూరముగా, మన దేశములోనే గడపినాడు. యుద్ధమున కొల్లసొమ్ముమీద ఇతర సేనానుల చేతులు బంగారము వైపు పోవుచుండగా ఇతని చేతులు గ్రంథములవైపు పోయినవి.

అనూప్ సింహుడు స్వయముగా సంస్కృతము తెలిసినవాడు. గీతగోవిందమునకు ‘అనూపోదయ’ మను వ్యాఖ్య అతని పేర వెలసినది. భావభట్టు అను సంగీతవిద్వాంసు డతని ఆస్థానమున నుండి ‘అనూప సంగీత విలాసము’, ‘అనూప సంగీత రత్నాకరము’, ‘అనూపాంకుశము’ అను మూడు గ్రంథములు వ్రాసెను. కాశీలో కవీంద్రాచార్య సరస్వతి యను సన్న్యాసి జన్మమంతయు ధారపోసి కూర్చిన పుస్తకములలో చాల భాగము చెదరిపోగా, వానిలో కొన్నియు బికనేరే చేరినవి. అతని పేర బికనేరులో వెలసిన అనూప్ సంస్కృత గ్రంథాలయము దేశములోని వ్రాతప్రతుల నిధులలో ప్రసిద్ధమైనది. 1940 దశకములో కున్హన్ రాజా మున్నగు పండితులు దానికి పట్టికలు సిద్ధపరచి ప్రకటించిరి. బికనేరులో భద్రపరచిన విజాపురపు చిత్రములలో కొన్నింటి వెనుక, ఇవి ఆదవానినుండి వచ్చినవని వ్రాసియున్నట్లు కళాచరిత్రకారులు చెప్పుదురు.

దీనిని కొల్ల యనవలెనా, రక్షణ మనవలెనా? రాజపుత్ర చరిత్రకారులు రక్షణమనియే చెప్పుదురు. మొగలు సేనలు వచ్చుచున్నవని విని, అపవిత్రమగునను భయముతో బ్రాహ్మణులు తమ తాళపత్రములను నదులలో విడువబోగా, అనూప్ సింహుడు ధనమిచ్చి వానిని కొని కాపాడెనని వారి వ్రాతలలో నున్నది. దేవతావిగ్రహములను కూడ అట్లే కాపాడి తెచ్చెనని చెప్పి, బికనేరు కోటలో ముప్పదిమూడు కోట్ల దేవతల మందిరమను పేర వానిని చూపుదురు. నేనీ మాటను తోసివేయను. కొన్న పుస్తకములు కొన్నవియే. కాని కోట పట్టుకొన్న తరువాత కోటలోని పుస్తకమునకు ధర ఎవరు కట్టుదురు? మసూద్ ఖాన్ కూర్చిన వానికి మూల్యము ముట్టినదని ఎవరును వ్రాయలేదు. అయినను ఒక్క మాట ఒప్పుకొనక తప్పదు. ఈ పుస్తకములు చదువరి చేతినుండి చదువరి చేతికే పోయినవి. ఆ కాలమున అది సామాన్య విషయము కాదు. వేరొక సేనాని చేతిలో పడినచో ఆ కాగితములు తుపాకిమందు పొట్లములకు పనికివచ్చెడివి.

ఇటువంటి ప్రయాణములు మన సీమ పుస్తకములకు అలవాటే. విజాపురములో మిగిలిన రాజగ్రంథములు ఆసారు మహలులో చెదపురుగుల పాలు కాగా, మిగిలినవానిని 1853లో ఇంగ్లీషువారు లండనుకు చేర్చిరి. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినప్పుడు టిప్పు సుల్తాను గ్రంథాలయము సుమారు రెండువేల సంపుటములు. దానికి 1809లో పట్టిక వ్రాసిన చార్లెసు స్టూవర్టు చెప్పినదేమనగా, వానిలో టిప్పు గాని అతని తండ్రి గాని కొన్నవి చాల తక్కువ, సావనూరు, కడప మొదలగు చోట్లనుండి కొల్లగా వచ్చినవే ఎక్కువ. కడప నవాబు పుస్తకము శ్రీరంగపట్టణమునకు, అక్కడనుండి కలకత్తాకు, లండనుకు! 1786లో ఆదవాని కోటను కూడ టిప్పు పట్టుకొనెను. అప్పటికి కోటలోని మంచి పుస్తకములు బికనేరు చేరి తొంబదియేండ్లు దాటినది.

కోటలోని పుస్తకములను గూర్చి ఇంతసేపు చెప్పితిని. కోట క్రింద, పల్లెలలో, ఎవరు ఏమి చదువుచుండిరి?

ఆదవానికి ఉత్తరముగా, తుంగభద్ర యొడ్డున, మంచాల యను గ్రామము కలదు. నేడు మంత్రాలయమను పేర ప్రసిద్ధమైనది. సిద్ది మసూద్ ఖాన్ ఆ గ్రామమును రాఘవేంద్రతీర్థులకు ఇచ్చినాడు. 1671లో స్వామి అక్కడనే బృందావనప్రవేశము చేసినారు. భక్తులకు స్వామి మహిమలు ముఖ్యము. చదువరినైన నాకు అంతకంటె రుచించునది స్వామి చదివిన తీరు. పూర్వాశ్రమములో వేంకటనాథుడను పేర కుంభకోణములో సుధీంద్రతీర్థుల యొద్ద విద్యార్థిగా నున్నప్పుడు, పగలు గురువు చెప్పిన పాఠమును రాత్రి దీపమునొద్ద కూర్చుండి తిరుగవేసికొనుచు, కఠినస్థలములకు అర్థము వ్రాసికొనుచుండెను. ఒకనాటి రాత్రి అట్లు వ్రాయుచు వ్రాయుచు నిద్రపోయెను. గురువు వచ్చి ఆ పత్రములను చదివి ఆశ్చర్యపడి, తన శాలువను శిష్యునికి కప్పి వెళ్లెనని చెప్పుదురు. జయతీర్థుల ‘న్యాయసుధ’కు వ్యాఖ్యయైన ‘పరిమళము’ అట్లు పుట్టినది. పుస్తకముల అంచులలో పెన్సిలుతో వ్రాయుట పాపమని తలచు మిత్రులు నాకు కొందరున్నారు. గ్రంథాలయపు పుస్తకము విషయమున వారితో నేనును ఏకీభవింతును. సొంత పుస్తకము విషయమున మాత్రము వేంకటనాథుని పక్షమే నాది. ఒక్క గుర్తయినను పెట్టకుండ చదివిన పుస్తకము నాకు సరిగా చదివినట్లు తోచదు.

మంచాలను గూర్చిన కథ మరియొకటి చదువునకు మరింత దగ్గరగా నున్నది. వెంకన్న అను తల్లిదండ్రులు లేని బాలుడు పశువులు కాచుకొని బ్రదుకుచుండెను. అక్షరము రాదు. ఒకనాడు ఆదవాని నవాబు ఆ దారిన వచ్చుచుండగా అతనికి జాబొకటి అందెను. చదువువాడు దగ్గర లేడు. నవాబు వెంకన్నను పిలిచి చదువుమనెను. రాదన్న వినలేదు, చదువనిచో దండింతుననెను. వెంకన్న రాఘవేంద్రస్వామిని తలచుకొని జాబును విప్పగా అక్షరములు తామే నోట పలికినవి. జాబులో శుభవార్త యుండెను. నవాబు సంతసించి క్రమముగా వెంకన్నను ఆదవాని దివానుగా చేసెను. మంచాల గ్రామము స్వామికి లభించుటకు ఈ దివాను వెంకన్నయే సాయపడెనని మఠ సంప్రదాయము.

భక్తికథగా దీనిని మనము చిన్ననాటనుండి వినుచున్నాము. చరిత్ర విద్యార్థి దీనిలో మరియొకటి చూచును. పుస్తకములతో నిండిన కోట దాపున, ఒక జాబును చదువగలవాడు దొరకుట దుర్లభమని ఎంచిన లోకములో పుట్టిన కథ యిది. చదువు వచ్చుట ఆ లోకమున మహిమతో సమానము. ఒక్క జాబు చదివినవాడు దివాను కాగలడు. పశువుల కాపరికి బడి అను దారి యుండునని ఆ కథ చెప్పువారికి తోచనే లేదు. దేవుని దయ యొక్కటే దారి.

బడులు లేకపోలేదు. వాని లెక్క మనకు దొరకుచున్నది. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి ఇచ్చివేసెను. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరైన తామసు మన్రో తరువాత మదరాసు గవర్నరై, 1822లో దేశీయ పాఠశాలలను గూర్చి అన్ని జిల్లాలనుండి వివరములు తెప్పించెను. అప్పుడు ఆదవాని బళ్లారి జిల్లాలోనిది. నేటి అనంతపురము సీమయు ఆ జిల్లాలోనే యుండెను. బళ్లారి కలెక్టరు క్యాంబెలు. ఇతడు తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణమును, నిఘంటువును వ్రాసినవాడు. కాగితములు నింపి పంపుటతో తృప్తిపడక, బడులలో ఏమి జరుగుచున్నదో విచారించి 1823 ఆగస్టు 17వ తేదీన ఇతడు పంపిన నివేదిక, ఆ విచారణలో వచ్చిన అన్ని నివేదికలలో ఎక్కువ చదువదగినది.

జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. విద్యార్థులు 6,641. అనగా వేయిమందికి ఏడుగురు. బడికి సగటున పన్నిద్దరు. తెలుగు చెప్పు బడులు 226, కన్నడము చెప్పునవి 235, మరాఠీ 23, ఫారసీ 21, అరవము 4, ఇంగ్లీషు ఒక్కటి. ఇవిగాక బ్రాహ్మణులు మాత్రము సంస్కృతమున శాస్త్రములు చదువు స్థలములు 23. ఈ అంకెలను చూచినచో ఆదవాని, ఎమ్మిగనూరు అంగళ్లలో నేటికిని వినబడు భాషల కలగలుపు అప్పుడే కనబడును. తెలుగునకు కన్నడమునకు తొమ్మిది బడులే తేడా! 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడునప్పుడు బళ్లారి జిల్లానుండి ఆదవాని, ఆలూరు తాలూకాలను విడదీసి కర్నూలు జిల్లాలో చేర్చిరి. సరిహద్దు గీత గీయువారికి ఆ తొమ్మిది బడుల తేడా ఎంత చిక్కు తెచ్చియుండునో ఊహింపవచ్చును.

పిల్లలు నేలమీద ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుచుండిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుచుండిరి. ఈ పద్ధతినే మదరాసులో ఆండ్రూ బెల్ అను పాదిరి చూచి ఇంగ్లండుకు తీసికొనిపోయి ప్రచారము చేసెను. క్యాంబెలు దానిని మెచ్చుకొనెను. తరువాత చదువు పుస్తకముల పేర్లు చెప్పెను. రామాయణ, భారత, భాగవతములు అందరికిని. పనివారల పిల్లలకు విశ్వకర్మపురాణము. జంగములకు బసవపురాణము, గిరిజాకల్యాణము. వినోదమునకు పంచతంత్రము, బేతాళ పంచవింశతి. భాష కొరకు అమరము, ఆంధ్రనామసంగ్రహము. పట్టిక చదువుటకు చాల బాగున్నది. నేటి బడులలో కూడ ఇంత వైవిధ్యము కష్టమే. కాని ఆ వెంటనే అతడు చెప్పినది గట్టి మాట. పుస్తకము లన్నియు పద్యములు. ఆ భాష వేరు, పిల్లలు ఇంటిలో మాటలాడు భాష వేరు. పిల్లవాడు వందల పద్యములు అప్పగించును, అర్థము మాత్రము చిలుకకు తెలిసినంతయే తెలియును. గురువునకును తరచు అంతే. బడి విడిచిన తరువాత సామాన్యమైన ఉత్తరమొకటి తిన్నగా వ్రాయలేడు.

ఇది చదివి, పూర్వపు విద్య యంతయు వ్యర్థమని చంకలు గొట్టుకొనువారితో నేను చేరను. కంఠస్థమైన పద్యము పదేండ్లకో ఇరువదియేండ్లకో అర్థమగుట మనలో చాలమందికి అనుభవమే. విత్తు నాటిన నాడే కాయ కాయదు. అయినను క్యాంబెలు ఫిర్యాదును త్రోసివేయుటకు వీలులేదు. ఆ తరువాత ఎనుబది తొంబదియేండ్లకు గిడుగు రామమూర్తిగారు ఇంచుమించుగా అదే మాటను చెప్పి తెలుగుదేశము నంతయు కదిలించిరి. ఈ సంగతిని గ్రాంథికమున చెప్పుచున్న నన్ను చూచి శ్రోతలు నవ్వుకొందురేమో! నవ్వుకొనవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట నివేదిక చివరిభాగమున నున్నది. ఈ చదువు ఎందులకు క్షీణించుచున్నది? ప్రజలు బీదవారగుచుండుటచేత నని క్యాంబెలు సమాధానము. ఎందులకు బీదవారగుచున్నారు? నేతపనివారల మొదలగువారి రాబడి తగ్గినది. ఈ దేశపు నూలుబట్టలకు బదులుగా ఇంగ్లండు మిల్లుబట్టలు దిగుచున్నవి. పూర్వము దండులు, దర్బారులు ఉన్న చోట ఖర్చగుచుండిన ధనము నేడు జిల్లాలో ఖర్చగుట లేదు. పూర్వము బడులున్న గ్రామములు పెక్కింట నేడు బడి లేదు. పెద్ద బడులున్న చోట కలవారి పిల్లలు కొందరే చదువుచున్నారు. బడులలో ఒక్కదానికైనను సర్కారు సాయము లేదు. ఇదంతయు కుంఫిణీ కలెక్టరు తన పై అధికారులకు వ్రాసిన మాట. మగ్గము ఆగినచో బడి ఆగునని సర్కారు కాగితముమీద ఇంత స్పష్టముగా ఆనాడు వ్రాసినవారు అరుదు.

ఈ దృష్టితో చూచినప్పుడు ఎమ్మిగనూరు కథ కూడ పుస్తకముల కథయే యగును. ఇంగ్లండు బట్టలు, తరువాత మన దేశపు మిల్లుబట్టలు, మధ్య దలారీల అప్పులు, మీదుమిక్కిలి రాయలసీమ కరవులు. ఇన్నిటిని తట్టుకొని ఎమ్మిగనూరు నేతగాడు మగ్గము విడువలేదు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘమును స్థాపించిరి. నూలు సంఘమే ఇచ్చుట, నేసిన బట్టను సంఘమే కొని అమ్ముట అనునది పద్ధతి. దానితో నేతగానికి సావుకారు గడప ఎక్కవలసిన పని తగ్గినది. సంఘము పేరు దేశమంతట ప్రాకినది. భారత ప్రభుత్వము 1954లో సోమప్పగారిని పద్మశ్రీతో గౌరవించినది. వారమువారము కూలి చేతికి వచ్చు ఇంటిలో పిల్లవానిని కండెలు చుట్టుటకు కూర్చుండబెట్టక బడికి పంపుటకు తల్లికి ధైర్యము కలుగును. పలక బలపములకు డబ్బు మిగులును. గ్రంథాలయ చరిత్ర వ్రాయువారు అయ్యంకి వారిని, గాడిచర్ల వారిని తలతురు. తలవవలసినదే. నాకు అధికారమున్నచో సోమప్పగారిని కూడ ఆ చరిత్రలో ఒక పుటలో చేర్తును.

గుంతమగ్గముముందు కూర్చున్నవానిని గమనించినారా? కాళ్లు గుంతలోని తొక్కుడుకర్రలమీద, చేతులు నాడెమీద, కన్నులు పోగుమీద. పుస్తకమునకు చోటెక్కడ? ఖాళీగా నుండునది చెవి యొక్కటే. నేతగాండ్ర వీథులలో పురాణశ్రవణము బలముగా నాటుకొనుటకు ఇదియొక కారణమని నా అభిప్రాయము. అక్షరము వచ్చినవాడొకడు సాయంకాలము అరుగుమీద దీపము పెట్టుకొని భారతమో, బసవపురాణమో రాగయుక్తముగా చదువును. ప్రక్కవాడొకడు అర్థము చెప్పును. చుట్టును వినువారు. పుస్తకమొకటి, చదువరి యొకడు, శ్రోతలు ఏబదిమంది. క్యాంబెలు లెక్కలో ఈ ఏబదిమంది లేరు. అతడు బడులను లెక్కపెట్టెను గాని అరుగులను లెక్కపెట్టలేదు.

వారిలో స్త్రీలును లేరు. 1823 లెక్కలో బడికి పోవు 6,641 మందిలో బాలికలు అరువదిమంది మాత్రమే. జిల్లా మొత్తమునకు అరువది! ఆ కాలమున సీతాదేవి కష్టములు తెలియని స్త్రీ ఆ జిల్లాలో ఎక్కడనైన నుండెనా? వారికి తెలిసినదంతయు చెవిగుండ తెలిసినదే. ఈ చెవిచదువును చాల గొప్పదని పొగడు పెద్దలున్నారు. దాని విలువను నేనును ఎరుగుదును. రేడియోలో పనిచేయువాడు కాదనగలడా? కాని విను పుస్తకమునకు ఒక లోపమున్నది. ఏది చదువవలెనో చదువువాడే నిర్ణయించును. ఎక్కడ ఆపవలెనో అతడే నిర్ణయించును. వినునామె వెనుకపుటకు పోలేదు, నచ్చనిదానిని దాటిపోలేదు, నలుగురిలో అడుగలేని సందేహమును ఒంటరిగా కూర్చుండి తీర్చుకొనలేదు. రేడియోముందు కూర్చున్న మీకును అదే చిక్కు. నేనిప్పుడు చెప్పినదానిలో ఏదైన తప్పిపోయినచో మీరు నన్ను మరల చెప్పుమనలేరు. అందులకే ఈ ప్రసంగపాఠమును అచ్చు వేయుచున్నాము.

పుస్తకమును అరుగునుండి అందరి చేతికి తెచ్చుటకు జరిగిన ప్రయత్నమునకు మన దేశమున 1914 ముఖ్యమైన సంవత్సరము. ఆ యేడు ఏప్రిలు 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల మొదటి మహాసభ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను జరిగినది. అయ్యంకి వేంకటరమణయ్యగారు దానికి ప్రాణము. కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, 1908లో పత్రికలో వ్రాసిన వ్రాతకు జైలుకు పోయివచ్చినవారు, ఆ ఉద్యమమును, వయోజనవిద్యను చేపట్టి 1960లో కన్నుమూయువరకు విడువలేదు. సారస్వతము చదివినవారికే గాక, రాత్రిబడిలో అప్పుడే అక్షరములు కూడబలుకుకొను నడివయసువానికి కూడ పుస్తకము కావలెనని వారి పట్టుదల. తీరాంధ్రములో ఊరూర గ్రంథాలయములు లేచినంత త్వరగా మన పడమటి సీమలో లేవలేదు. వానలు లేని చోట చందాలును తక్కువయే.

అందుచేత ఈ సీమకు సభలకంటె చట్టము ఎక్కువ మేలు చేసినదని నేను తలంతును. 1948లో మదరాసు ప్రభుత్వము పౌర గ్రంథాలయముల చట్టము చేసినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో మన చట్టము వచ్చినది. ఈ చట్టములలో ఉపన్యాసము లేదు. ఉన్నదంతయు డబ్బు లెక్క. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయముల కొరకు కొంత సెస్సు వసూలు చేయవలెను. ఆ డబ్బుతో జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలు నడుపవలెను, పుస్తకములు కొనవలెను. శాఖా గ్రంథాలయములో ఉదయము పూట వార్తాపత్రిక చుట్టు పదిమంది మూగుట, బీరువాలోని పుస్తకము మాత్రము తాళముతో నుండుట పెక్కుచోట్ల చూచినాను. పుస్తకము పోవునేమోయను భయముచే తాళము వేయువాడు సిద్ది మసూద్ ఖాన్ కన్న ఎక్కువ జాగ్రత్తపరుడు కాజాలడు. కొండమీది కోటయే ఆ పుస్తకములను నిలుపలేకపోయినది. అరిగిపోయి, అట్ట ఊడి, నాలుగుమారులు కుట్టించిన పుస్తకమున్న బీరువాను చూచినప్పుడు నాకు ఆ గ్రంథపాలకునిమీద గౌరవము కలుగును.

ఆదవానిలో గాని ఎమ్మిగనూరులో గాని ఇంటిపన్ను కట్టు ప్రతివాడును, చదువు వచ్చినను రాకపోయినను, ఈ సెస్సును కట్టుచునే యున్నాడు. బీరువా తాళము తీయుమని అడుగుటకు అతనికి, అతని యింటి ఆడపిల్లకు, వేరొక సిఫారసు అక్కరలేదు. పన్ను రశీదులో ఆ పద్దు వేరుగా వ్రాసియుండును, తీసి చూచుకొనవచ్చును.